పిట్ట ముట్టని పళ్లెం

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. రోజంతా కొండల్లో నీళ్ల ట్యాంకర్ నడిపి వచ్చినవాడికి పడుకోవడానికి ఒక మంచం దొరికితే చాలు, ఆ మంచం కింద ఎవరుంటే ఏంటి? మా రూమ్‌లో ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే నేను గోడవైపు తిరిగి పడుకునేవాణ్ని. ఇప్పటికీ అంతే. ఈ ఒక్క సంగతి మాత్రం నాకు కొరుకుడు పడలేదు. మిమ్మల్ని నమ్మించాలని చెప్పడం లేదు. చూసింది చూసినట్టు చెప్తాను.

డెబ్బైల చివర్లో ఒమన్‌లో ఒక రోడ్డు కంపెనీలో పనిచేశాను. మాది నిజామాబాద్ జిల్లా. మొదట ఇబ్రి క్యాంపులో ఉండేవాణ్ని. రుస్తాఖ్ దగ్గర కొండల్లో కొత్త రోడ్డు వేస్తున్నారని, డ్రైవర్ తక్కువయ్యాడని నన్ను అక్కడికి పంపారు. పోయిన రోజే రూమ్‌లో ఖాళీగా ఉన్న ఒకే ఒక్క మంచం చూపించి నీది ఇదే అన్నారు. అది మల్లేశం అనే అతని మంచం. నేను రావడానికి పది రోజుల ముందు కాలువ తవ్వుతుంటే మట్టికట్ట విరిగి మీద పడి చనిపోయాడు. అతన్ని నేనెన్నడూ చూడలేదు. గోడకు అతను కొట్టుకున్న మేకు ఉంటే దానికే నా చొక్కా తగిలించాను.

పక్క మంచం ఓదెలుది. కరీంనగర్ జిల్లావాడు, పాతికేళ్లుంటాయేమో. మల్లేశం అతనికి బావ, సొంత అక్క మొగుడు. ఓదెలు ముందు వచ్చి, కంపెనీవాళ్లను బతిమాలి, బావకు వీసా తెప్పించి పిలిపించుకున్నాడు. మస్కట్‌లో దహనం చేసింది కూడా అతనే. తర్వాత కంపెనీవాళ్లు ఊరికి టెలిగ్రాం కొడతామంటే వద్దని కాళ్లమీద పడ్డాడట. అక్కకు చదువు రాదు, పోస్టుమాన్ చదివి వినిపిస్తాడు, ఆ మాట పరాయివాడి నోటితో వినకూడదు, నేనే పోయి చెప్తానన్నాడు. పండుగ తర్వాతకు టికెట్ తీశారు.

అంటే అప్పటికి ఆ అక్కకు ఏమీ తెలియదు. బొట్టు పెట్టుకుని, గాజులేసుకుని, మొగుడు దుబాయి పోయాడని అందరికీ చెప్పుకుంటూ ఉంది. మా ఊళ్లలో గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. ఈ సంగతి తలుచుకుంటే ఓదెలుకు కూడు సయించేది కాదు. డ్యూటీకి పోయేవాడు, వచ్చేవాడు, మంచం మీద కూర్చునేవాడు. నేను నిద్రలేచి చూసినా అలాగే కూర్చుని ఉండేవాడు. నాకు కోపం కూడా వచ్చేది. పక్కనోడు నిద్రపోకపోతే మన నిద్ర కూడా సగమే అవుతుంది.

మా ఫోర్‌మన్ ఖాదర్ భాయ్‌ది కడప. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. రంజాన్ పండుగ సెలవులకు ముందు నన్ను పక్కకు పిలిచాడు.

"వీడు ఇట్లనే ఉంటే వాళ్లూరికి పోయేది లేదప్పా. వీడి సంగతి జెప్పను ఇంగొకడు పోవాల్సొస్తాది," అన్నాడు. "దొర మస్కట్ పోతా ఉండాడు. వాది కాడ ఆయప్ప కేబిన్ ఉండాది గదా. కుక్కల్ని జూసుకుంటా పండగ నాళ్లు ఆడనే పడుండండి. నీళ్లుండాయి, నీడ ఉండాది. కొంచెం తేరుకుంటాడు."

దొర అంటే మా ఇంగ్లీషు ఇంజనీరు. ఆయనకు రెండు కుక్కలు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కుక్కను ఇంట్లోకి రానివ్వరు. మా కంపెనీలో సగంమంది పండుగకు పోతారు. మిగిలింది మేమే. కుక్కల కాపలా అయినా సరే, నాలుగు పూటలు పడుకోవచ్చని నేను ఒప్పుకున్నాను. నా జీవితంలో పని కాకుండా ఎక్కడికైనా పోవడం అదే మొదటిసారి.

వాది అంటే కొండల మధ్య వాగు. వానపడితే పారుతుంది, లేకపోతే రాళ్లు తేలి ఉంటుంది. ఆ చోట మాత్రం ఏదో ఊట ఉండి ఎండాకాలంలోనూ చిన్న చెరువంత నీళ్లు నిలిచేవి. గట్టు పొడుగునా చెట్లు, ఎడారిలో అడివి అని చెప్పుకోవచ్చు. రేగుచెట్లు మనకు తెలిసినవే. గాఫ్ అని ఇంకో చెట్టు ఉంటుంది, తేరిపార చూస్తే అది మన జమ్మే. ఆ చెట్ల కింద చెక్క కేబిన్, ముందు చిన్న అరుగు, రెండు మడత మంచాలు. ఖాదర్ భాయ్ మమ్మల్ని, కుక్కల్ని దింపి, బియ్యం, పప్పు, కోడిగుడ్లు, కిరసనాయిల్ స్టవ్ ఇచ్చి, పండుగ అయ్యాక వస్తానని జీపు తిప్పుకుని పోయాడు. దగ్గర్లో ఊరు లేదు. ఖర్జూరం తోటలు ఎక్కడో కింద ఉన్నాయి.

కుక్కలకు ఇంగ్లీషు పేర్లు ఉన్నాయి కానీ మా నోరు తిరగలేదు. పెద్దది, చిన్నది అనుకున్నాం. రెండూ తిండిపోతులు. వాటికోసం దొర డబ్బాలు పంపాడు. నిజం చెప్పాలంటే ఆ డబ్బా మూత తీస్తే మా మెస్ కూరకంటే మంచి వాసన వచ్చింది. అవి తినేసి డబ్బాలు నాకాయి. తర్వాత నా సబ్బు తిన్నాయి. తర్వాత ఓదెలు చెప్పు పట్టీ తిన్నాయి. చేత్తో ఏదైనా పెడితే వేళ్లతో సహా లాక్కునేవి. నా బొటనవేలికి గాటు కూడా పడింది.

మొదటిరోజు నేను పడుకున్నాను. లేచి నీళ్లలో మునిగి మళ్లీ పడుకున్నాను. ఒంట్లో ఇంత అలసట ఎక్కడ దాక్కుందో అనిపించింది. ఓదెలు అరుగు మీదే కూర్చున్నాడు. సాయంత్రం అవతలి బండ మీద రెండు కాకులు వాలాయి. మన కాకికంటే పెద్దవి, మెడ గోధుమరంగు. ఓదెలు వాటినే చూసి చూసి, "అన్నా, గీడ కాకులున్నయి," అన్నాడు. ఆ రోజు అతను మాట్లాడిన మొదటి మాట అదే.

"ఉంటే?"

"బావకు పిట్టకు పెట్టలే. మూడొద్దులకు పెట్టాల్సింది, డ్యూటీకి రమ్మన్నరు. క్యాంపుల పిట్టనే లేకపాయె. రేపు పెడదమన్నా."

మావైపు పద్ధతి తెలియనివాళ్లకు చెప్తున్నాను. మనిషి పోయిన మూడోరోజు అతనికి ఇష్టమైనవి వండి, ఆకులో పెట్టి, దూరంగా నిలబడి కాకి కోసం చూస్తారు. కాకి ముడితే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో పెట్టుకున్నాడని అర్థం. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, నీ పిల్లల్ని చూసుకుంటాం, నీ పని పూర్తిచేస్తాం అని మాట ఇస్తారు. ఏదో ఒక మాటకు కాకి దిగుతుంది. అది ముట్టాకే ఇంటివాళ్లు తింటారు. నాకు దీనిమీద ఏ అభిప్రాయమూ లేదు. అతని మనసు కుదుటపడితే చాలు అనుకుని సరే అన్నాను.

మర్నాడు పొద్దెక్కాక ఓదెలే వండాడు. అన్నం, కోడిగుడ్డు పొరటు, పచ్చి ఉల్లిగడ్డ, పక్కన ఒక బీడీ. ఇస్తరాకు ఎక్కడ దొరుకుతుంది, అల్యూమినియం పళ్లెంలో పెట్టి నీటి ఒడ్డున చదునైన బండ మీద ఉంచాడు. నేను కుక్కల్ని పట్టుకోవాలని లేచాను. అక్కర్లేకపోయింది. సబ్బు తిన్న కుక్కలు రెండూ పళ్లెంవైపు ఒకసారి చూసి, దూరంగా జమ్మిచెట్టు కింద పోయి పడుకున్నాయి.

కాకులు వచ్చాయి. బండ మీద వాలాయి. పళ్లెం చుట్టూ నడిచాయి, తిరిగి ఎగిరిపోయాయి. మధ్యాహ్నం గడిచింది. చీమలు కూడా పట్టలేదనిపించింది. చీమల సంగతి మాత్రం ఒట్టుపెట్టి చెప్పలేను, ఆ ఎండకు బండ కాలిపోతోంది. ఓదెలు అన్నం ముట్టలేదు. పిట్ట ముట్టనిదే తినకూడదు కదా, నాకు అప్పుడు గుర్తొచ్చింది.

సాయంత్రం కుక్కలకు డబ్బా తీసి పెట్టాను. వాసన చూశాయి. తినలేదు. రెండూ పోయి ఓదెలు ఎదురుగా కూర్చుని అతని మొహంలోకి చూడటం మొదలుపెట్టాయి. ఎండదెబ్బ తగిలిందేమోనని నేను వాటిమీద నీళ్లు చల్లాను. కదల్లేదు.

తెల్లారి మళ్లీ వండాడు, మళ్లీ పెట్టాడు, మళ్లీ అదే. ఈసారి బండ దగ్గర నిలబడి మాట ఇవ్వడం మొదలుపెట్టాడు. అక్కను నేను చూసుకుంట బావా. పోరగాండ్లను సదివిస్త బావా. బిడ్డ పెండ్లి నా చేతులమీదుగ చేస్త బావా. ఒక్కో మాట అని, తల ఎత్తి కాకులవైపు చూసేవాడు. అవి వినడంలేదన్నట్టు ముక్కు రెక్కలో పెట్టుకునేవి. అతను అలా వేచి చూడటం నేను చూడలేకపోయాను. చివరికి నేను కూడా పోయి నిలబడ్డాను.

"మల్లేశం, నేను నీ మంచం మీద పండుకుంటున్న," అన్నాను. "నువ్వెవరో నాకు తెల్వదు. వీనికి చాతనైతలేదు. ఇగ చాలు."

కాకి కదల్లేదు. నాకు సిగ్గేసింది. ఎవరితో మాట్లాడుతున్నాననిపించింది.

పిట్టకు పెట్టడం మొదలుపెట్టిన మూడోరోజు కూడా పళ్లెం పెట్టాడు, కానీ ఓదెలు నిలబడితే తూలుతున్నాడు. నీళ్లు తాగుతున్నాడు, అంతే. అంతకుముందు నెలరోజులు కూడా అతను సరిగ్గా తిన్నది లేదు. పెదాలు పగిలాయి, మాట సన్నబడింది. కిందికి నడిచిపోయి ఎవరినైనా పిలుద్దామంటే అతన్ని వదిలిపోవడానికి ధైర్యం చాలలేదు. ఆ ఎండలో నేను తోటలు చేరేదీ అనుమానమే. ఖాదర్ భాయ్ వచ్చేది మర్నాడు. నాకు దయ్యం భయం కాదు, ఈ మనిషి నా చేతుల్లో పోతాడేమోనన్న భయం పట్టుకుంది. ఆ భయానికి కోపం తోడై అరిచాను.

"సచ్చినోని కోసం బతికున్నోడు సస్తే మీ అక్కకు ఎవడు చెప్పాలె? నేను పోవాల్నా? రెండు చావులు నేను చెప్పాల్నా?"

"బావ మనసుల ఏదో ఉన్నదన్నా," అన్నాడు ఓదెలు. "తోల్కచ్చింది నేను. అది తెల్వకుంట నేనెట్ల తింట?"

వాదించే ఓపిక నాకు లేదు. అన్నం ఇంకో పళ్లెంలో పెట్టి అతని పక్కన ఉంచి, నేను గడపకు ఆనుకుని కూర్చున్నాను. నడినెత్తిన ఎండ. గాలి లేదు. నీళ్లు కూడా కదలడం లేదు. నేను నిద్రపోలేదు, ఈ మాట గట్టిగా చెప్తాను. ఎందుకంటే తర్వాత చాలామంది కునుకు పట్టిందేమో అన్నారు.

కుక్కలు చెట్టు కింది నుంచి లేచి వచ్చాయి. ఎప్పటిలా ఓదెలు ముందు కూర్చున్నాయి. కాసేపటికి రెండూ ఒకేసారి తల ఎత్తాయి. మనిషి నిలబడితే మొహం ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తుకు చూశాయి. అక్కడ ఎవరూ లేరు, చెక్క గోడ ఉంది. ఆ చూపు మెల్లగా గోడ వెంబడి కదిలింది, మనిషి నడుస్తుంటే చూసినట్టు. కేబిన్ మూల దాకా పోయి, వెనక్కి వచ్చి, ఓదెలు పక్కన ఆగింది. తర్వాత కిందికి దిగింది, అతని పక్కన ఎవరో కూర్చున్నట్టు. తోకలు నేలను కొడుతున్నాయి. అప్పుడు రెండూ ఓదెలు పళ్లెంవైపు చూశాయి, అతని మొహంవైపు చూశాయి, మళ్లీ ఆ ఖాళీ చోటువైపు చూశాయి.

ఓదెలు వాటిని చాలాసేపు చూశాడు. అతని మొహం మారిపోయింది.

"బావ గిట్లనే చేస్తుండె," అన్నాడు. "క్యాంపుల కుక్కలుంటుండె. నేను మెల్లగ తింట అన్నా, అందరికన్న ఆఖరికి. నా పక్కకే కూసుంటుండె. నేను చెయ్యి కడుక్కునేదాక కుక్కలకు ముద్ద వెయ్యకపోతుండె. ముందుగాల మావోడు తినాలె, గప్పుడు మీకు అని వాటితోని అంటుండె."

అని, పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. ఏడుస్తూ తిన్నాడు. నేను చారు పోస్తే పోయించుకున్నాడు. కుక్కలు కదలకుండా చూశాయి, చొంగ కారుతున్నా కదల్లేదు. అన్నమంతా అయ్యాక పళ్లెంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

చేతి మీంచి నీళ్లు పడ్డాయో లేదో, పెద్దది లేచింది. పళ్లెంవైపు రాలేదు, డబ్బావైపు పోలేదు. ఓదెలు పక్కనున్న ఆ ఖాళీ చోటికి పోయి, మెడ సాచి, నోరు కొంచెం తెరిచి, పెదాలతో ఏదో అందుకుంది. మెల్లగా, చేతిలోంచి తీసుకున్నట్టు. నమిలింది. మూతి నాకింది. పక్కకు జరిగి చిన్నదానికి చోటిచ్చింది. అదీ అలాగే చేసింది. నా బొటనవేలు కొరికిన కుక్కలు ఇవే. అక్కడ అరుగు చెక్క తప్ప ఏమీ లేదు. నేను తర్వాత చేత్తో తడిమి చూశాను.

అప్పుడే నీటి ఒడ్డున చప్పుడైంది. కాకి పళ్లెం అంచుమీద వాలి గుడ్డు ముక్క ఎత్తుకుంది. రెండోది బీడీ ఎత్తుకుపోయింది. ఓదెలు చేతులు జోడించి, అక్కడే వాలి, నెల తర్వాత మొదటిసారి నిద్రపోయాడు. గురక కూడా పెట్టాడు.

నేను ఆ మధ్యాహ్నమంతా కూర్చుని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అంత కష్టం కూడా కాలేదు. దొర కుక్కలు క్యాంపులో తిరిగేవే. మల్లేశం వాటికి రోజూ ముద్ద వేశాడు, మనుషులు తినేదాకా ఆగమని అలవాటు చేశాడు. మూగజీవాలకు జ్ఞాపకం ఎక్కువ. ఓదెలు మొహం చూసి వాటికి బావ గుర్తొచ్చాడు. కాకికి ఆకలేసింది. అయిపోయింది. మనసు తేలికపడి నేనూ పడుకున్నాను.

మర్నాడు ఖాదర్ భాయ్ జీపులో పండుగ సేమ్యా పాయసం తెచ్చాడు. ఓదెలు రెండు గిన్నెలు తాగాడు. తిరిగి వస్తుంటే ఓదెలు వెనక సీట్లో కుక్కల మధ్య నిద్రపోయాడు. నేను ఊరికే, మాట వరసకు అన్నాను, మల్లేశం ఈ కుక్కలకు మంచి బుద్ధి నేర్పాడు భాయ్ అని.

"ఈటికా?" అన్నాడు ఖాదర్ భాయ్. "ఇవి ఆ కుక్కలు గాదప్పా. అవి క్యాంపు కుక్కలు, ఆయప్ప పోయినంక యాటికి పోయినాయో కనపళ్లేదు. వీటిని దొర పోయిన వారమే ఓడలో తెప్పిచ్చుకున్యాడు. నువ్వు ట్యాంకర్ మింద పోయుంటివి, చూడలేదేమో. మల్లేశాన్ని అవి యాడ జూసుంటాయి?"

నేను వెనక్కి తిరిగి చూశాను. పెద్దది ఓదెలు ఒళ్లో తల పెట్టుకుని నావైపే చూస్తోంది. మిగతా దారంతా కళ్లు మూసుకుని కూర్చున్నాను. పండుగ భోజనం ఎక్కువై నిద్రొస్తుందా అని ఖాదర్ భాయ్ ఎగతాళి చేశాడు.

ఓదెలు అనుకున్నట్టే ఊరికి పోయాడు, అక్కకు తన నోటితోనే చెప్పాడు. మళ్లీ గల్ఫ్‌కు రాలేదు. నేను ఇంకొన్నేళ్లు ట్యాంకర్ నడిపి, నడుము పడిపోయాక ఇంటికొచ్చాను. ఆ కుక్కల సంగతి నాకు ఈనాటికీ తేలలేదు. చదువుకున్నవాళ్లను అడిగాను. కుక్కలు ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుంటాయన్నారు, ఎండకు కళ్లు బైర్లు కమ్మాయన్నారు. వాళ్లు చెప్తున్నంతసేపూ నిజమే అనిపిస్తుంది. ఇంటికొచ్చాక పెదాలతో అందుకున్న ఆ నోరు గుర్తొస్తుంది, మళ్లీ మొదటికి వస్తుంది.

ఒకసారి ఓదెలు ఊరికి పోయాను. వాళ్లక్క వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి లేచి కాళ్లకు నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది. ఓదెలు ఇంకా మెల్లగానే తింటున్నాడు. వాళ్లింటి కుక్క గుమ్మం బయట కూర్చుని ఉంది. అక్క లోపలికి పోయినప్పుడు, ఇన్నాళ్లు దాచుకున్న మాట ఇక మోయలేక అతనికి చెప్పేశాను. ఆ కుక్కలు మీ బావను ఎన్నడూ చూడలేదు ఓదెలూ, అవి కొత్తవి అన్నాను. అతని గుండె పగులుతుందేమోనని భయపడుతూనే అన్నాను.

ఓదెలు ముద్ద నమిలి మింగి, నావైపు చూశాడు.

"నాకెరుకే అన్నా. దొర వాటిని జీపులకెంచి దింపిననాడు నేను ఆడనే ఉన్న."

"మరి ఎరుకుండి కూడ ఎట్ల తిన్నవు?"

"అందుకే తిన్న," అన్నాడు.